గృహవ్యవహారములు: సముద్రము దాటు మూటకు సుంకపు లెక్క



"సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లు" అని మన పెద్దలు సామెత చెప్పిరి. బండిని ఆపినవానికి మన ఇంటి పెండ్లియు, మన బిడ్డ పురుడును పట్టవు. మూటలో ఏమున్నది, దాని వెల యెంత, ఈ రెండే అతనికి కావలసినవి. ఆ సామెత పుట్టిన కాలమున సుంకరి ఊరి పొలిమేరలో కూర్చుండెడివాడు. నేడతడు అమెరికా ఓడరేవులలోను, దుబాయి విమానాశ్రయమునను, మన ముంబయి, చెన్నై నగరములలోను కూర్చున్నాడు. మూటలు మాత్రము మన వంటయిండ్లనుండియే బయలుదేరుచున్నవి. మా కొత్తకోటవంటి చిన్న పట్టణమునుండి సైతము మామిడికాయ తొక్కు, కారప్పొడి, బాలింతకు కాయము, మగ్గముపై నేసిన పట్టుచీర పరదేశములకు పోవుచున్నవి. అక్కడినుండి బిడ్డలు పంపు మూటలును వచ్చుచున్నవి. కావున ఈ నెల సుంకమును గూర్చి ముచ్చటింప దలచితిమి. సుంకము భయపడదగినది కాదు, లెక్క కట్టదగినది. ఆ లెక్క తెలిసిన గృహిణిని మోసగించుట కష్టము. మేము చెప్పదలచిన దింతియే.

సుంకము మనకు క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ అధికరణములో శుల్కాధ్యక్షుని విధులు వివరముగా నున్నవి. పైనుండి వచ్చు సరకునకు వెలలో ఐదవ వంతు సుంకమని అందలి సామాన్యనియమము. అయినను పెండ్లికి కొనిపోవు వస్తువులు, వధువు వెంట నంపు సారె, కానుకలు, యజ్ఞమునకును పురుటికిని ఉపనయనాదులకును వలయు ద్రవ్యములు సుంకము లేకయే పోవచ్చునని ఆయన విధించెను. ఆ నెపమున అబద్ధమాడినవానికి మాత్రము దొంగకు విధించు దండమునే విధించెను. కానుకయెడ దయ, అబద్ధముయెడ కాఠిన్యము: నేటి దేశముల చట్టములును చాలవరకు ఈ రెండింటి నడుమనే నడచుచున్నవి.

మన ప్రాంతమున మరియొక జ్ఞాపకము కలదు. నైజాం రాజ్యమున కరోడ్‌గిరి యను సుంకపుశాఖ యుండెను. కర్నూలు సరకు తుంగభద్ర దాటి ఈ నేలపై అడుగిడగానే సుంకము చెల్లింపవలసియుండెడిది. 1802లో ఈస్టిండియా కంపెనీతో జరిగిన వర్తకపు సంధి ఆ సుంకమును నూటికి 5గా నిర్ణయించెను. 1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన తరువాత ఆ లోపలి సుంకములు క్రమముగా తొలగిపోయినవి. నేడు కర్నూలునుండి వచ్చు చీరను ఏ సుంకరియు ఆపడు. దేశపు సరిహద్దు దాటు వస్తువునకే కస్టమ్సు సుంకము.

ఇక నేటి పద్ధతిని చూతము. మన దేశమున సుంకమునకు మూలము 1962 నాటి కస్టమ్సు చట్టము. ఏ వస్తువున కెంత యనునది 1975 నాటి టారిఫు చట్టము. లోకములోని సరకు నంతటిని అంకెలతో వర్గీకరించిన పట్టిక యొకటి 1988నుండి అమలులో నున్నది. అందు పట్టు 50వ అధ్యాయము, నూలు 52వ అధ్యాయము. ఈ కారణముచేతనే "చీర" అని వ్రాసిన చాలదు. "పట్టుచీర 1" అనియో, "నూలుచీర 1" అనియో వ్రాయవలయును. సుంకపు శాతము ఆ యొక్క మాటపై మారును.

తపాలా మూటపై అంటించు ప్రకటనపత్రమునకు సి.ఎన్. 22, సి.ఎన్. 23 అని పేర్లు. 1874లో బెర్న్ నగరమున ఏర్పడిన సార్వత్రిక తపాలా సంఘము నిర్ణయించిన నమూనాలివి. అన్ని దేశముల సుంకాధికారులును వీనిని గుర్తింతురు. చిన్న మూటకు మొదటిది, పెద్దదానికి రెండవది. ఇందు వస్తువుల పేర్లు, సంఖ్య, తూకము, వెల, కానుకయా అమ్మకమా యను వివరము వ్రాయవలయును. ఇంట చేసిన పచ్చడికి వెల యేమని కొందరు సందేహింతురు. అట్టిదే బజారున కొన్నచో ఎంతయగునో అంత వ్రాయుడు. సుంకము తగ్గునని పదివేల చీరను వేయి రూపాయలని వ్రాయుట తగదు. అధికారి అనుమానించినచో మూట నిలిచిపోవును. దారిలో పోయినచో పరిహార మడుగుటకును ఆ వేయి రూపాయల మాటయే మనకు అడ్డు వచ్చును. కొన్న వస్తువునకు దుకాణపు రశీదును మూటతో నుంచి, నకలు ఇంట దాచుకొనుట మేలు.

పరదేశమునుండి మనకు వచ్చు మూట సంగతి చూడుడు. "కానుకయని వ్రాసిన సుంకముండదు" అని పలువురు నేటికిని నమ్ముచున్నారు. 2019 డిసెంబరు 12న కేంద్రప్రభుత్వము ఈ సౌకర్యమును తొలగించెను. ప్రాణరక్షకమగు మందులు, రాఖీ తప్ప మరేదియు కానుకయను పేర సుంకము లేక తపాలాలోగాని కొరియరులోగాని రాదు. రాఖీతో జతపరచిన బహుమానమునకు సైతము ఈ మినహాయింపు లేదు. పూర్తి సుంకము చెల్లించి కానుకను తెప్పించుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదు. మొత్తము సుంకము 100 రూపాయలకు మించనిచో వసూలు చేయరాదని కస్టమ్సు చట్టపు 25వ సెక్షను చెప్పుచున్నది.

సుంకమును కట్టు విధ మిది. శాతములు బడ్జెటుతో మారుచుండును గనుక, పద్ధతి తెలియుటకై ఊహించిన అంకెలతో చూపుచున్నాము. వస్తువు వెల, దారి ఖర్చు, భీమా కలిసి 10,000 రూపాయ లనుకొందము. మూల సుంకము నూటికి 10 అయినచో 1,000 రూపాయలు. ఆ సుంకముపై నూటికి 10 చొప్పున సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి 100 రూపాయలు. ఇప్పటికి మొత్తము 11,100. దీనిపై ఐ.జి.ఎస్.టి. నూటికి 18 అయినచో 1,998 రూపాయలు. అనగా చెల్లింపవలసినది 1,000, 100, 1,998 కలిసి 3,098 రూపాయలు. వెలపై సుంకము, సుంకముపై సర్‌ఛార్జి, అన్నిటిపై పన్ను: ఈ వరుస గుర్తున్నచో చాలును. తపాలా మూటయైనచో ఈ సొమ్మును బట్వాడా సమయమున తపాలావారు రశీదు ఇచ్చి వసూలు చేయుదురు. కొరియరు సంస్థలు తమ బిల్లుతోబాటు వసూలు చేయును. గుర్తింపు పత్రమును గూడ అడుగును.

మనము పంపు మూటకు చేరు దేశపు చట్టమే ప్రమాణము. అమెరికాలో 2016నుండి 800 డాలర్ల లోపు మూటలు సుంకము లేక పోవుచుండెను. 2025 ఆగస్టు 29న ఆ సౌకర్యమును అన్ని దేశములకును నిలిపివేసిరి. వసూలు చేయు విధము తేలనందున మన తపాలాశాఖ ఆగస్టు 25నుండియే చాలవరకు మూటలను తీసికొనుట మానెను. అక్టోబరు 15న మరల ప్రారంభించినపుడు, చెప్పిన వెలలో నూటికి 50 సుంకమును ఇక్కడనే ముందుగా కట్టించుకొనెను. ఇట్టి శాతములు స్థిరములు గావు. కావున పంపు దినమున తపాలా కచేరీలో అడిగి తెలిసికొనుడు. ఒక వ్యక్తి మరియొక వ్యక్తికి పంపు 100 డాలర్ల లోపు నిజమైన కానుకకు మాత్రము 800 డాలర్ల సౌకర్యము పోయిన పిమ్మటను మినహాయింపు నిలిచినది. బ్రిటనులో కానుకకు ఈ హద్దు 39 పౌనులు. గల్ఫు దేశములలో 2003నుండి సాధారణ సుంకము నూటికి 5. దుబాయిలో 300 దిర్హములకు మించిన మూటకు దానిని వేయుదురు.

సుంకము కట్టినను పోనీయని వస్తువులు కొన్ని కలవు. పచ్చి కరివేపాకును అమెరికాలోనికి రానీయరు. నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చు పురుగు దానిపై నుండునని వారి భయము. మాంసపు పచ్చళ్లును సాధారణముగా పోవు. గసగసాలు దుబాయిలో నిషిద్ధములు. మసాలాపొడిలో కలిపి పంపినను, మనకు వంటదినుసైనది అక్కడ మాదకద్రవ్యపు నేరమగును. అక్కడ పనిచేయు కొడుకునకు ప్రేమతో పంపిన పొట్లము వానిని జైలుపాలు చేయగలదని తల్లులు మరువరాదు.

ఇక ముఖ్యమైన మాట. సుంకము పేరు చెప్పి స్త్రీలను దోచుకొనువారు నేడు పలువురు కలరు. పరదేశపు వైద్యుడననియో, ఇంజనీరుననియో ఫోనులో పరిచయము పెంచుకొని, "నీకై నగలును పౌనుల నోట్లును పంపితిని" అని ఒకడు వ్రాయును. కొన్నాళ్లకు కస్టమ్సు అధికారినని మరియొకరు పిలిచి, మూట ఢిల్లీలో ఆగినదనియు, వెంటనే సుంకము కట్టనిచో కేసు పెట్టుదుమనియు బెదరింతురు. మొదట ముప్పదివేలు, పిదప లక్ష, పిదప మరియొక సర్టిఫికెటు ఖర్చు. గాజులు కుదువబెట్టి కట్టినవారు కలరు.

లెక్క తెలిసినవారు ఇచ్చట నాలుగు ప్రశ్నలు వేయగలరు. మూటలోని వస్తువేది, వెల యెంత, ఏ శాతమున ఈ మొత్తము వచ్చినది? మూట సంఖ్య యేది, తపాలాశాఖ వెబ్‌సైటున అది కనబడుచున్నదా? అధికారి పంపిన కాగితముపై డి.ఐ.ఎన్. అను సంఖ్య కలదా? 2019 నవంబరు 8నుండి కస్టమ్సు శాఖ పత్రములకు ఈ సంఖ్య నిచ్చుచున్నారు. కేంద్ర పరోక్షపన్నుల బోర్డు వెబ్‌సైటున దానిని సరిచూడవచ్చును. సొమ్మును ఎవరి ఖాతాకు కట్టమనుచున్నారు? ప్రభుత్వసుంకము ఒక మనుష్యుని సొంత ఖాతాకు ఎన్నడును పోదు. నోట్లకట్టలను సుంకము కట్టి విడిపించుకొను పద్ధతియు లేదు. మీ పేర వచ్చిన మూటలో మత్తుమందు దొరకినదని చెప్పి, ఫోనులోనే నిర్బంధించితి మనువాడును దొంగయే. మన చట్టమున అట్టి నిర్బంధము లేదు.

ఒకవేళ సొమ్ము చేజారినచో సిగ్గుపడి దాచకుడు. భర్త కోపించుననియో, కోడలు నవ్వుననియో దాచిన గంటలలోనే ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు మారి మాయమగును. వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేసి, మీ బ్యాంకునకును తెలుపుడు. తొందరగా చెప్పినవారి సొమ్మును దారిలో ఆపుట కవకాశ మెక్కువ. ఇంటిలో ఎవరైన ఇట్లు మోసపోయినచో, వారిని నిందించుటకు ముందు ఆ సంఖ్యకు ఫోను చేయుట పెద్దల ధర్మము.

తపాలా రశీదులు, ప్రకటనపత్రపు నకళ్లు, మూట సంఖ్యలు ఒక సంచిలో వేసి బీరువాలో నుంచుడు. ఆ సంచిపై 1930 అని పెద్ద అక్షరములతో వ్రాసి, ఇంటిలోని ముసలివారికిని ఆడపిల్లలకును చూపుడు.