నెల్లిమర్ల నుంచి పాయింట్ గార్డ్ వస్తాడా? అడ్డు ఎత్తు కాదు.. అసలు లెక్క వేరే!

2014 జూలై. ఒకే నెలలో మూడు ఆటల్లో మూడు పెద్ద విషయాలు జరిగాయి. చైనాలోని వూహాన్‌లో భారత బాస్కెట్‌బాల్ జట్టు ఏకంగా ఆతిథ్య చైనానే 65-58తో ఓడించింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అమ్మాయి మత్స సంతోషి 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తి పతకం కొట్టింది. జూలై 26న ముంబైలో ప్రో కబడ్డీ లీగ్ తొలి సీజన్ మొదలైంది.

పదేళ్లు దాటిపోయాయి. కట్ చేస్తే.. కబడ్డీ ఆటగాళ్లు కోట్లలో అమ్ముడవుతున్నారు. కొండవెలగాడలో పిల్లలు బార్‌బెల్ ఎత్తుతూనే ఉన్నారు. చైనాను ఓడించిన బాస్కెట్‌బాల్ జట్టులోని ఒక్క ఆటగాడి పేరైనా చెప్పమంటే మాత్రం చాలామంది నోరు వెళ్లబెడతారు. ఎందుకిలా?

పాయింట్ గార్డ్ అంటే ఎవరు?

బాస్కెట్‌బాల్‌లో బంతిని ముందుకు తీసుకెళ్లేవాడు, ఎవరికి ఎప్పుడు అందించాలో నిర్ణయించేవాడు పాయింట్ గార్డ్. వాలీబాల్‌లో సెట్టర్ లాంటివాడు అనుకోండి. 8 సెకన్లలో బంతి సగం కోర్టు దాటాలి, 24 సెకన్లలో షాట్ పడాలి. ఆ కొద్ది సెకన్లలో నలుగురు సహచరులు, ఐదుగురు ప్రత్యర్థులు ఎక్కడున్నారో బుర్రలో గీసుకోవాల్సింది ఇతనే.

బాస్కెట్‌బాల్ అనగానే 'మనోళ్లు పొట్టి' అనే మాట వస్తుంది. మిగతా పొజిషన్ల సంగతి ఎలా ఉన్నా, ఇక్కడ ఆ మాట చెల్లదు. ఎన్‌బీఏలో మగ్సీ బోగ్స్ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. 14 సీజన్లు ఆడాడు. 6 అడుగుల 1 అంగుళం ఉన్న జాన్ స్టాక్‌టన్ 19 సీజన్లు ఒకే జట్టు యుటా జాజ్‌కు ఆడి 15,806 అసిస్టులు ఇచ్చాడు. ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. ఇక స్టెఫెన్ కరీ. 6 అడుగుల 2 అంగుళాలే. 2025-26 సీజన్‌కు అతని జీతం 5.96 కోట్ల డాలర్లు. మన లెక్కలో 500 కోట్ల రూపాయల పైమాటే!

కాబట్టి నెల్లిమర్ల జూట్ మిల్లు వీధుల్లో తిరిగే మామూలు ఎత్తు కుర్రాడికి బాస్కెట్‌బాల్‌లో ఏదైనా చోటు ఉందంటే అది ఇదే. మరి అడ్డేంటి?

కొండవెలగాడ ఎలా చేసింది?

ముందు పక్క ఊరి సంగతి చూడాలి. కొండవెలగాడ చిన్న ఊరు. అయినా వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు తెచ్చుకుంది. కొంచెం పైకెళ్తే శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊరు అదే. ఈ ప్రాంతంలో లిఫ్టింగ్ ఒక దారిగా స్థిరపడడానికి కారణం సింపుల్. ఒక బార్, కొన్ని ప్లేట్లు, ఒక షెడ్డు, పట్టు వదలని ఒక కోచ్. ఇవి ఉంటే చాలు. ఎంత ఎత్తావో కిలోల్లో కనిపిస్తుంది. సెలక్టర్ దయ అక్కర్లేదు.

సంతోషి కథే చూడండి. గ్లాస్గోలో ముందు వచ్చింది కాంస్యం. స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో సంతోషిది రజతం అయింది. 188 అనే అంకె మారలేదు, పక్కన రంగు మారింది అంతే. పాయింట్ గార్డ్‌కు అలాంటి అంకె లేదు. మంచి పాస్ ఇచ్చినా అవతలివాడు బంతి వేయలేకపోతే అది అసిస్టుగా లెక్కలోకే రాదు. ఒంటరిగా ప్రాక్టీస్ చేసి పాయింట్ గార్డ్ కాలేడు. అతన్ని తయారు చేసేది మ్యాచ్‌లే. అదీ తనకంటే బాగా ఆడేవాళ్లతో.

అసలు చిక్కు ఉద్యోగమే

ఉత్తరాంధ్రలో ఏ ఇంట్లోనైనా పిల్లాడు ఆట అంటే మొదట వచ్చే ప్రశ్న ఒకటే. 'ఇది ఆడితే ఉజ్జోగం వస్తాదేటి?' నవ్వుకోవాల్సిన ప్రశ్న కాదిది. దేశంలో బాస్కెట్‌బాల్ కెరీర్ మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీదే నిలబడింది.

భారత మాజీ కెప్టెన్ విశేష్ భృగువంశీ 2017లో ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్ జట్టు అడిలైడ్ 36ర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆ లీగ్‌తో ఒప్పందం చేసుకున్న తొలి భారతీయుడు అతనే. 2020లో అర్జున అవార్డు కూడా వచ్చింది. అయినా ఇల్లు గడిపింది మాత్రం ఓఎన్‌జీసీ ఉద్యోగం. చెన్నైకి చెందిన మహిళల జట్టు మాజీ కెప్టెన్ అనిత పాల్‌దురై 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆమె ఉద్యోగం సదరన్ రైల్వేలో. అంటే మన దగ్గర 'ప్రొఫెషనల్' అంటే లీగ్ జీతం కాదు, డిపార్ట్‌మెంట్ జీతం.

ఇక్కడే పీటముడి పడుతుంది. మంచి ఆటగాళ్లను రైల్వే, సర్వీసెస్ లాంటి జట్లు ఉద్యోగమిచ్చి తీసుకుంటాయి. జాతీయ పోటీల్లో రాష్ట్ర జట్టు ఆడాల్సింది వాళ్లతోనే. ఉద్యోగం ఉండి రోజంతా ప్రాక్టీస్ చేసేవాళ్ల మీద, ఉద్యోగం కోసం ఆడే కుర్రాళ్లు గెలవాలి. గెలిస్తేనే పతకం. పతకం ఉంటేనే కోటాలో బలం. పైగా వెయిట్‌లిఫ్టింగ్‌లో ప్రతి బరువు విభాగానికీ విడిగా మూడు పతకాలు ఉంటాయి. బాస్కెట్‌బాల్‌లో పన్నెండు మంది చెమట చిందిస్తే జట్టు మొత్తానికి లెక్కలో పడేది ఒక్క పతకం.

2024 నవంబర్‌లో ఏపీ కేబినెట్ ఆమోదించిన కొత్త క్రీడా విధానం స్పోర్ట్స్ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. ఒలింపిక్ స్వర్ణానికి ప్రోత్సాహకం 75 లక్షల నుంచి 7 కోట్లకు వెళ్లింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు గాను 421 స్పోర్ట్స్ కోటా కింద, డీఎస్సీ పరీక్ష లేకుండానే భర్తీకి పెట్టారు. కచ్చితంగా మంచి అడుగే. కానీ ఈ డబ్బంతా పతకం చుట్టూ తిరుగుతుంది. భారత బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒక్కసారే, 1980 మాస్కోలో. 7 కోట్ల మాట పాయింట్ గార్డ్‌కు ఆకాశంలో చందమామే.

కబడ్డీకి వచ్చింది, దీనికి రాలేదు

లీగ్ ఉంటే కథ ఎలా మారుతుందో కబడ్డీ చూపించింది. ఒకప్పుడు కబడ్డీ ఆటగాడి లక్ష్యం కూడా రైల్వే ఉద్యోగమే. 2023 వేలంలో పవన్ సెహ్రావత్‌కు తెలుగు టైటాన్స్ పెట్టిన ధర 2.6 కోట్లు. టీవీ వచ్చింది, డబ్బు వచ్చింది, ఊళ్లలో ఆట మారింది.

బాస్కెట్‌బాల్‌లోనూ ప్రయత్నం జరిగింది. 2015లో మొదలైన యూబీఏ లీగ్‌లో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. 2017 తర్వాత ఆ లీగే నడవలేదు. తర్వాత 2022లో ఐఎన్‌బీఎల్ వచ్చింది. రెండు మూడేళ్లకోసారి పేరు మారే లీగ్‌ను నమ్ముకుని ఏ తండ్రీ కొడుకును కోర్టుకు పంపడు. పంపకపోవడం తప్పూ కాదు.

అయితే ఒక చిన్న సందు ఉంది. త్రీ ఆన్ త్రీ. అర కోర్టు, ఒకే రింగ్, ముగ్గురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్. 10 నిమిషాలు లేదా 21 పాయింట్లు. టోక్యోలో ఒలింపిక్ క్రీడ అయింది. కేవలం 10 క్రీడలకు కుదించిన 2026 గ్లాస్గో కామన్వెల్త్ జాబితాలో వెయిట్‌లిఫ్టింగ్‌తో పాటు దీనికీ చోటు దక్కింది. షాట్‌కు 12 సెకన్లే కాబట్టి ముగ్గురూ పాయింట్ గార్డ్ పని చేయాల్సిందే. పన్నెండు మంది బదులు నలుగురు, పెద్ద కోర్టు బదులు సిమెంటు చేసిన అర కోర్టు. 3.05 మీటర్ల ఎత్తులో ఒక్క రింగ్. కొండవెలగాడ షెడ్డుకు బాస్కెట్‌బాల్‌లో దగ్గరగా వచ్చేది ఇదొక్కటే. నెల్లిమర్లలో ఏ హైస్కూల్ గ్రౌండ్‌లోనైనా ఓ మూల సరిపోతుంది.