సూట్‌కేసు చక్రాల కింద పేర్లు

యూరప్ యాత్ర మీద ఇది ఆఖరి భాగం. ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు, "అన్నా, అన్నీ స్మారకాల గురించే రాస్తున్నావు, ఈఫిల్ టవర్ గురించి రాయవేంటి?" అని. చూశాను తమ్ముడూ, పొడుగ్గానే ఉంది.

ఆఖరి రోజు బెర్లిన్‌లో ఉన్నాం. ఫ్లైటు సాయంత్రం. వెళ్లింది నలుగురం: ఇద్దరం పల్లె నుంచి, ఇద్దరు ఊరి నుంచి. యూనివర్సిటీలో ఒకే మెస్సులో తిన్నవాళ్లం, ఇరవై ఏళ్ల స్నేహం. మా మధ్య కులం మాట రాదని కాదు. వస్తే జోకుగా వస్తుంది, జోకుగానే పోతుంది. ఆ పొద్దున చాక్లెట్లు ఎవరి పెట్టెలో ఎన్ని కిలోలు పట్టాలో తేల్చుకుని, క్రాయిజ్‌బెర్గ్‌లో మేం దిగిన గది నుంచి స్టేషన్‌కు నడుస్తున్నాం. ముందు వెళ్తున్న తెనాలి మిత్రుడి సూట్‌కేసు చక్రం ఒక చోట టక్కుమంది. వంగి చూశాడు. కాలిబాట రాళ్ల మధ్య నాలుగు ఇత్తడి పలకలు.

చాలామంది వినే ఉంటారు. జర్మన్‌లో వాటి పేరు ష్టోల్పర్‌ష్టైన్, కాలికి తట్టుకునే రాయి అని అర్థం. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1992లో మొదలుపెట్టాడు. పది సెంటీమీటర్ల రాయి, పైన ఇత్తడి రేకు. నాజీలు పట్టుకుపోయిన మనిషి ఆఖరుసారి తన ఇష్టంతో బతికిన ఇంటి ముందు దాన్ని పాతుతారు. "ఇక్కడ నివసించారు" అని మొదలై, పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు తీసుకుపోయారు, ఎక్కడ చంపారు అని ఉంటుంది. ఇప్పటికి యూరప్ అంతటా లక్ష దాటాయి. బెర్లిన్‌లో మొదటివి 1996లో ఈ క్రాయిజ్‌బెర్గ్‌లోనే పాతారు, అది కూడా అనుమతి లేకుండా.

మా ముందున్న నాలుగూ ఒకే కుటుంబానివి. చిన్నపిల్ల 1937లో పుట్టింది. 1943లో ఆష్విట్జ్. మావాడు జేబురుమాలు తీసి ఆ రాయి తుడిచాడు. కళ్లలో నీళ్లు. "ఎంత గొప్ప దేశంరా ఇది. చేసిన తప్పు ఇంటి ముందు రాసి పెట్టుకున్నారు," అన్నాడు.

వాడి కన్నీళ్లు దొంగవి కావు. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

నేను అడిగాను, "మీ ఊరి నుంచి చుండూరు ఎంత దూరం?"

బండి మీద అరగంట, అన్నాడు.

"చుండూరు మెయిన్ రోడ్డు మీద, తరిమి కొట్టిన వీధిలో, ఇలాంటి రాళ్లు ఎనిమిది పాతితే?"

కాసేపు ఆగి, "అది వేరురా. ఇప్పుడందరూ కలిసి ఉంటున్నారు. అక్కడ పెడితే మళ్లీ గొడవలవుతాయి," అన్నాడు.

ఈ "వేరు" అన్న మాట దగ్గరే నా గొడవంతా. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని వేటాడి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మనవాళ్లు సుప్రీంకోర్టుకు పోయారు. చనిపోయినవాళ్లను పూడ్చిన చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నది మనమే. ఏటా ఆగస్టు 6న పూలు పట్టుకుని వెళ్లేదీ మనమే. 1985లో కారంచేడు నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్లు చీరాల చేరారు, వాళ్ల కాలనీ అక్కడే లేచింది. చంపిన చోటొకటి, తలుచుకునే చోటొకటి. ఊరికి గుర్తు చేసే పని ఎవరూ పెట్టుకోలేదు. ఒక జిల్లా పేరులో అంబేద్కర్ పేరు చేర్చినందుకే 2022 మేలో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరంటే అంత భయం.

అలాగని జర్మనీకి హారతి పట్టనక్కర్లేదు. 1943కు ముందు రోమా ప్రజల మీద నాజీలు చేసింది జాతి హింస కాదు, నేరాల అదుపు అన్నట్టు 1956లో అక్కడి అత్యున్నత కోర్టే తీర్పు చెప్పింది. స్టూవర్టుపురం కథ తెలిసినవాళ్లకు ఈ వాదన కొత్త కాదు. దాన్ని జాతి సంహారమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1982లో, అదీ రోమాలు నిరాహార దీక్షలు చేశాక. ఈ రాళ్ల మీద కూడా "చంపబడ్డారు" అనే ఉంటుంది. చంపిందెవరో ఉండదు. పట్టుకుపోయినవాళ్ల మంచాలు, గిన్నెలు వేలంలో కొనుక్కున్న పక్కింటివాళ్ల పేర్లూ ఉండవు.

మ్యూనిక్ నగరమైతే తన వీధుల్లో ఈ రాళ్లు వద్దంది. అక్కడి యూదు సమాజం పెద్ద, షార్లొట్ క్నోబ్లోఖ్ అనే ఆవిడ, చనిపోయినవాళ్ల పేర్లను జనం మళ్లీ కాళ్లతో తొక్కడం ఏమిటని అడ్డం తిరిగింది. 2018 నుంచి అక్కడ గోడకో స్తంభానికో, కళ్ల ఎత్తులో పేర్లు పెడుతున్నారు. నాకు ఆవిడ మాటే నచ్చింది. మన దగ్గర కాలంటే వట్టి కాలు కాదు. ఊళ్లోకి రాగానే చెప్పులు చేత్తో పట్టుకున్న తాతలు మనకున్నారు. చుండూరు గొడవ మొదలైంది కూడా సినిమా హాల్లో కాలు తగిలిందనే. మన పేర్లు పెడితే తలెత్తి చదవాల్సిన చోటే పెట్టాలి.

ఇదంతా వాడితో రైల్లో అన్నాను. కొంచెం గొంతు పెంచే అన్నాను. మిగతా ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇరవై ఏళ్లలో మేం జోకు లేకుండా ఈ విషయం మాట్లాడుకున్నది అదే మొదలు. నాలుగు స్టేషన్ల దాకా ఎవరూ నోరు విప్పలేదు.

ఎయిర్‌పోర్టులో సామాను వేసేశాక వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఎనిమిది మందన్నావు కదా. పేర్లు చెప్పు," అన్నాడు.

వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఐదు దగ్గర ఆగిపోయాను.

సిగ్గుతో చెబుతున్నాను. ఎన్ని ఆగస్టు ఆరులు అక్కడ మైకు పట్టుకుని మాట్లాడానో లెక్కలేదు. "చుండూరు అమరులు" అంటే సరిపోయింది, పేర్లు అవసరం పడలేదు. వాడు ఎత్తిపొడవలేదు. ఫోన్ తీసి వెతకడం మొదలుపెట్టాడు. నేను బోర్డింగ్ పాసు వెనక రాసుకుంటున్నాను. ఏడో పేరు దగ్గర ఉండగా పిలిచారు. ఎనిమిదోది లైన్లో నిలబడి వాడే చదివి వినిపించాడు, రెండుసార్లు.