మందారమా, కర్రపెండలమా?



మన తరగతి గది వెనుక, నీటి తొట్టికి ఆనుకొని, పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల నేల ఖాళీగా ఉన్నది. అందులో ఏమి నాటుదామని అడిగినప్పుడు మీలో అధికులు మందారానికి చేతులెత్తారు. కర్రపెండలం అన్నవారు ముగ్గురే. వారిని చూసి కొందరు నవ్వారు కూడా. తోట మీది, నిర్ణయమూ మీదే. అయితే మరొకసారి చేతులెత్తే ముందు, ఆ ముగ్గురి పక్షాన నేను చెప్పదలచిన మాటలు కొన్ని ఉన్నాయి.

మందారాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1960లో మన దేశం దానిని జాతీయ పుష్పంగా స్వీకరించింది. బుంగా రాయా ఐదు రేకలు రుకున్ నెగారా ఐదు సూత్రాలకు గుర్తని మీరు ప్రతి సంవత్సరం వ్రాస్తూనే ఉన్నారు. మీ జేబులోని సెన్ నాణేల మీద కూడా అదే పువ్వు. విజ్ఞానశాస్త్ర పాఠానికి దానిని మించిన పువ్వు దొరకదు: కేసరాలన్నీ ఒక గొట్టంలా కలిసి ఉండడం, కొసన ఐదు కీలాగ్రాలు విడివిడిగా నిలవడం కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. ఎర్ర రేకలను వేడినీటిలో నానబెట్టి, ఆ నీటిలో నిమ్మరసం పిండితే ఎరుపు చిక్కబడుతుంది. సబ్బునీరు కలిపితే ఆకుపచ్చకు తిరుగుతుంది. మన ఇళ్లలో దేవుని పటానికి పెట్టేదీ అదే పువ్వు.

కానీ మందారం ఉదయం విప్పారి సాయంత్రానికి వాడిపోతుంది. మరునాడు మరొక పువ్వు పూస్తుంది, నిజమే. అది మనకు కొత్తది కూడా కాదు. బడి ద్వారం పక్కన ఉన్నది, వీధి పొడవునా ఉన్నది. దానిని చూడడానికి మనం కొత్తగా నేల త్రవ్వనక్కరలేదు.

ఇక కర్రపెండలం. దీనినే మీరు ఉబి కాయు అంటారు. తమిళ మిత్రులు మరవళ్ళి అంటారు. కర్రపెండలం అనే తెలుగు మాట మీలో ఎందరికో తెలియదని ఆనాడు గ్రహించాను. నవ్వినవారు దుంపను చూసి నవ్వారో, పేరును విని నవ్వారో నాకు అర్థం కాలేదు. ఇది దక్షిణ అమెరికాలో పుట్టి, ఓడలెక్కి సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చిన మొక్క. మన పెద్దలు కూడా ఓడలలోనే వచ్చారు గదా!

ఆ పెద్దలకు ఈ దుంప ఏమి చేసిందో వినండి. 1941 డిసెంబరులో జపాను సేనలు కోట బారు తీరాన దిగాయి. 1945 వరకు ఈ దేశం వారి అధీనంలో ఉండిపోయింది. అంతకుముందు మలయాలో తినే బియ్యంలో సగానికి పైగా బర్మా, సయాం వంటి దేశాల నుండి ఓడలలో వచ్చేది. యుద్ధంతో ఆ రాక బాగా తగ్గిపోయింది. తోటలలో రబ్బరు కొనేవారు లేరు, కూలి లేదు. అరటిచెట్టు బొమ్మ అచ్చువేసిన జపాను నోట్లు చేతినిండా ఉన్నా వాటికి విలువ లేదు. ఎందరో తోట కార్మికులను సయాం రైలుమార్గం పనికి తీసుకుపోయారు. వారిలో చాలామంది తిరిగి రాలేదు. మిగిలిన ఆడవారు, పిల్లలు, వృద్ధులు లయం ఇళ్ల చుట్టూ, కాలువ గట్ల మీద, ఎక్కడ పిడికెడు మట్టి కనబడితే అక్కడ కర్రపెండలం నాటారు. మా నాయనమ్మ ఆ కాలపు మనిషి. పొద్దున ఉడికించిన దుంప, మధ్యాహ్నం ఉప్పు మిరపకాయతో అదే దుంప, రాత్రికి మిగిలితే అదే. పసివాళ్లు ఏడుస్తారని ఇంట్లో అన్నం అనే మాటనే పలికేవారు కాదట. యుద్ధం ముగిశాక ఆమె చాలా కాలం ఆ దుంపను ముట్టలేదు. అయినా పెరటిలో ఒక మొక్క మాత్రం ఎప్పుడూ ఉంచుకున్నది.

పేదల కూడు అని కర్రపెండలాన్ని చిన్నచూపు చూడడం నాకు అందుకే నచ్చదు.

దానిలో లోపాలు లేవని అనను. అందులో పిండిపదార్థమే అధికం. మాంసకృత్తులు అతి స్వల్పం. యుద్ధకాలంలో కడుపు నిండినా ఒంటికి బలం చాలక కాళ్లు వాచినవారు ఎందరో. పచ్చి దుంపలో, ఆకులో విషాన్ని పుట్టించే పదార్థం ఉన్నది కనుక ఎవరూ పచ్చిగా కొరకరాదు. తొక్క తీసి, కడిగి, బాగా ఉడికించి తినాలి. త్రవ్విన రెండు మూడు రోజులకే దుంపలో నల్లని చారలు పడి పాడవుతుంది. నేలసారాన్ని కూడా గట్టిగానే లాగుతుంది. పంట తీశాక అక్కడ వేరుశనగో, పొడవు చిక్కుడో వేయాలి. ఈ కష్టాలన్నీ పాఠాలే అని నా అభిప్రాయం. మందారం దగ్గర మీరు నీరు పోసి చూస్తూ నిలబడతారు. కర్రపెండలం దగ్గర ఎప్పుడు త్రవ్వాలి, ఎలా వండాలి, ఎవరికి పంచాలి, తరువాత ఏమి నాటాలి అని ఆలోచించక తప్పదు.

లెక్క చూడండి. మీటరుకు ఒకటి చొప్పున రెండు వరుసలలో ఇరవై మొక్కలు పడతాయి. మొక్కకు రెండు కిలోలే అనుకున్నా నలభై కిలోల దుంప. ఎనిమిది నుండి పన్నెండు నెలలలో చేతికి వస్తుంది; అంటే బడి సంవత్సరం మొదట్లో నాటినది సంవత్సరాంతానికి తీయవచ్చు. ఉడికించి కొబ్బరికోరు చల్లితే తరగతి అంతా తినగా పక్క తరగతికి కూడా మిగులుతుంది. బింకా ఉబి చేయగల అమ్మలు మనలో ఎందరు ఉన్నారో మీకే తెలుసు.

మరొక ముచ్చట. పండుగనాడు మీరు తినే సగ్గుబియ్యం పాయసం ఉన్నదే, ఆంధ్రదేశంలో ఆ సగ్గుబియ్యాన్ని కర్రపెండలం పిండితోనే చేస్తారు. గోదావరి జిల్లాలలో సామర్లకోట, పెద్దాపురం ప్రాంతాలు దానికి పేరు పొందాయి. మరి సగ్గు అనే మాట ఎక్కడిది? మన మలయ్ భాషలోని సాగు. అసలు సాగు మన సరవాక్‌లో రుంబియా చెట్టు మొదలు నుండి తీసే పిండి. పేరు ఇక్కడి నుండి అక్కడికి పోయి, మరొక మొక్క పిండికి అంటుకున్నది. ఈ సంగతి చెప్పుకోవడానికైనా మన పెరటిలో ఆ మొక్క ఒకటి నిలిచి ఉండాలని నా కోరిక.

సగం మందారం, సగం కర్రపెండలం నాటుదామని ఒక అమ్మాయి సూచించినది. మంచి మనసుతో చెప్పిన మాటే. కానీ కర్రపెండలం రెండు మీటర్లకు పైగా పెరుగుతుంది. మందారానికి ఎండ కావాలి. ఇంత ఇరుకు నేలలో ఒకటి రెండవదానికి నీడ కమ్మి పూత తగ్గిస్తుంది. కావున ఏదో ఒకటే ఎంచుకోవాలి. నా ఓటు ఎటో మీకు తెలిసింది.

వచ్చే శుక్రవారం మళ్లీ చేతులెత్తుదాం. కర్రపెండలం గెలిస్తే, ఒక్కొక్కరు జానెడు పొడవు గల ముదురు కాండం ముక్క తీసుకురండి. దాని కళ్లు పైకి చూసేలా, మూడింట రెండు వంతులు మట్టిలో దిగేలా నాటాలి. తెచ్చే ముందు ఆ చెట్టు దుంపను ఇంట్లో వండుకొని తిన్నారా అని పెద్దలను అడగండి. చేదు రకం కాండం బడికి తేరాదు.