కొత్త మొక్కతో పాటు ఎవరొచ్చారో చూశారా?

పైన వీడియోలో మా ఉద్దానం కొబ్బరి ఆకు అడుగుభాగాన్ని దగ్గరగా చూపించాను. అది చూశాక ఇది చదవండి. ఈసారి కషాయం తయారీ కాదు, నా అభిప్రాయం. అందులో నా తప్పు కూడా ఉంది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటింది. తాతలనాటి కొబ్బరిచెట్లు ఒక్క పూటలో నేలకూలాయి. ఆ ఖాళీలు నింపాలన్న తొందరలో నేనూ బయటినుంచి మొక్కలు తెచ్చాను. వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, అయినా ఒక్క ఆకు తిప్పి చూడలేదు.

తర్వాత ఒకరోజు మా నాన్న అడిగారు: "ఏటిరా, ఆకులకి మసి పట్టీసింది?" కింది మట్టల మీద నల్లటి మసి. పై మట్టల అడుగున తెల్లటి మైనపు పొడి, చుట్టలు చుట్టినట్టు గుడ్లు. అదే రూగోస్ సర్పిలాకార తెల్లదోమ. మధ్య అమెరికా వైపు పురుగు. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది. ఇంత దూరం రెక్కలతో ఎగిరి రాలేదు, మొక్కలెక్కి వచ్చింది. నా తోటకి నా మొక్కలతోనే వచ్చిందని రుజువు చూపలేను. కానీ చూడకుండా నాటింది మాత్రం నేనే.

అమెరికాలో ఉన్న మా బావకి ఉప్పునీటి అక్వేరియం ఉంది. అందులో పెట్టే రాయితో పాటు పిలవని జీవులు కూడా వస్తాయట. ఐప్టేషియా అని పువ్వులాంటి జీవి ఒకటుంది, అది పగడాలని కుడుతుంది. చేత్తో చిదిమితే ముక్కముక్కా మళ్ళీ మొలుస్తుంది. ముళ్ళ పురుగు చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ, మిగిలిన మేత తిని తొట్టి శుభ్రం చేస్తుంది. అందుకే బావ ఏది కనబడినా ముందు అదేంటో తెలుసుకుంటాడు. కొత్తది ఏదైనా కొన్నాళ్ళు వేరే తొట్టిలో ఉంచాకే లోపలికి. గాజు తొట్టికి ఉన్న జాగ్రత్త మన తోటకి లేదు!

మా చిన్నాన్న గట్టి మందు కొట్టేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. తెల్లదోమతో పాటే ఇంకో చుట్టం కూడా మన దేశంలో ఉంది. దాని పేరు ఎన్కార్సియా గ్వాడెలూపే, కంటికి ఆననంత చిన్న కందిరీగ. తెల్లదోమ పిల్లల్లో గుడ్డు పెట్టి వాటిని లోపల్నుంచే చంపుతుంది. అలా చచ్చినవి నల్లబడతాయి. భూతద్దంతో చూస్తే నల్లవి కనబడ్డాయా, మీ సైన్యం పని మొదలెట్టిందన్నమాట. మందు కొడితే ముందు చచ్చేది అదే.

ఇక మనవాళ్ళకి ఒక మాట. "జీవామృతం ఇస్తున్నాం, మన తోటకి పురుగు రాదు" అనుకోవడం భ్రమ. నేల బాగుంటే చెట్టు తట్టుకుంటుంది, అంతే. తలుపు తీసి ఉంచితే ఎవరైనా వస్తారు.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. కొత్త మొక్క ఏదైనా తోటకి దూరంగా నెల రోజులు విడిగా ఉంచుతాను. గుడ్డు రెక్కల పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది కాబట్టి ఆ గడువు. వారానికోసారి ఆకు అడుగు చూస్తాను. పెరట్లో అరటి, జామ కూడా వదలను, వాటి మీదా ఇది బతుకుతుంది. కనబడితే ముందు నీళ్ళు జోరుగా కొట్టడం, ఆముదం రాసిన పసుపు అట్టలు కట్టడం. నల్లబడిన పిల్లలున్న ఆకుల్ని కాల్చను, ఉధృతి ఉన్న చెట్టుకి కడతాను. అప్పటికీ తగ్గకపోతేనే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు. తెల్లదోమని చంపే ఐసేరియా శిలీంధ్రం గురించి అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానంలో అడగండి.

నర్సరీలో మొక్క కొనేటప్పుడు ధర అడిగే ముందు ఆకు తిప్పండి. అమ్మేవాళ్ళు చిరాకు పడితే పడనీండి. ఒక కొబ్బరిచెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఎన్నేళ్ళు పడుతుందో తిత్లీ తర్వాత మా ఉద్దానం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు.