ఆరోగ్య విషయములు: పిల్లల స్థూలకాయమును, ఫ్లూ టీకాయును

బొద్దుగా నున్న బిడ్డను చూచి మురియని తల్లియు, దిష్టి తీయని అమ్మమ్మయు మన యిండ్లలో నుండరు. ఒడలు నిండిన బిడ్డకు రోగము దరిచేరదని పెద్దల తలంపు. తిండి చాలక బిడ్డలు చిక్కి శల్యమగు దినములలో పుట్టిన తలంపు గావున దానిని మేము తప్పు పట్టము. కాని బొద్దుతనము వేఱు, స్థూలకాయము వేఱు. 2022వ సంవత్సరమున లోకమందు 5 మొదలు 19 ఏండ్లవఱకు గల పిల్లలలో 39 కోట్లకు పైగా అధికమైన బరువు గలవారనియు, వారిలో 16 కోట్లమంది స్థూలకాయులనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది.

ఫ్లూ యనబడు ఇన్‌ఫ్లుయెంజా సామాన్యమైన పడిశము గాదు. 2009వ సంవత్సరమున క్రొత్తరకపు ఫ్లూ దేశదేశముల వ్యాపించినపుడు, ఆసుపత్రులలో జబ్బు విషమించినవారియందు స్థూలకాయులు హెచ్చుగా నుండుట వైద్యులు గమనించిరి. అట్టివారికి టీకాయైన చక్కగా పనిచేయునా యను ప్రశ్న యందుండి బలపడినది.

టీకా మన శరీరమునకు శత్రువు ఆనవాలు ముందుగా చూపును. దానిని గుర్తించి శరీరము యాంటీబాడీలను పుట్టించును. రక్షక కణములను సిద్ధపఱచును. ఈ పనికి క్రొవ్వు అడ్డుపడు టెట్లు? క్రొవ్వు ఊరక నిలువయుండు సరుకు గాదు. 1994వ సంవత్సరమున న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ మొదలగువారు లెప్టిన్ అను పదార్థమును కనుగొనిరి. అది క్రొవ్వు కణములనుండి పుట్టి ఆకలిని అదుపుచేయును. రక్షక కణములపైనను పనిచేయును. క్రొవ్వు మితిమీరినచో లెప్టిన్ హెచ్చి, శరీరము దాని యాజ్ఞకు లోబడకుండును. లోలోపల సన్నని వాపు ఎడతెగక యుండును. ఇందుచే రక్షక కణముల చుఱుకుదనము తగ్గును.

అమెరికాలోని ఉత్తర కెరొలైనా విశ్వవిద్యాలయమున మెలిండా బెక్ మొదలగువారు పెద్దలను పరీక్షించి, టీకా వేసిన నెలకు స్థూలకాయులలో యాంటీబాడీలు బాగుగనే యున్నను, ఏడాది తిరుగునప్పటికి ఇతరులకంటె వేగముగా తగ్గుచున్నవని 2012లో ప్రకటించిరి. 2017లో ప్రకటించిన మఱియొక పరిశోధనలో, టీకా వేసికొన్న స్థూలకాయులలో నూటికి సుమారు 10 మందికిని, తగిన బరువు గలవారిలో నూటికి 5 గురికిని ఫ్లూ గాని, దానివంటి జ్వరము గాని వచ్చినది. యాంటీబాడీలు మాత్ర మిరువురియందును ఇంచుమించు సమానమే!

ఇవి పెద్దలను గూర్చిన సంగతులు. పిల్లల విషయమున ఫలితము లేకరీతిగా లేవు. స్థూలకాయులగు పిల్లలలో యాంటీబాడీలు తక్కిన పిల్లలతో సమానముగనే పుట్టినట్లు కొన్ని పరిశోధనలు తెలుపుచున్నవి. ఇది మంచి వార్తయే. అయినను యాంటీబాడీలు సమానముగ నున్నను పెద్దలకు రక్షణ తగ్గుట చూచితిమి గదా! కావున ఆ లెక్క నొక్కదానినే నమ్మి యూరకుండరాదు.

అట్లని టీకా వ్యర్థమని యెంచుట పెద్ద పొరపాటు. అపాయము హెచ్చుగా గలవారికే రక్షణ ముఖ్యము. గొడుగులో చిన్న చిల్లి యున్నదని వానలో గొడుగు పాఱవేయుదుమా? ఆరునెలలు నిండిన బిడ్డ మొదలు ఈ టీకా వేయవచ్చును. ఫ్లూ వైరస్ రూపము మార్చుచుండును గావున నిరుటి టీకా చాలదు, ఏటేట వేయించవలయును. తొమ్మిదేండ్లలోపు పిల్లలకు మొదటిసారి వేయించునపుడు నాలుగువారముల యెడముతో రెండుమార్లు వేయుట విధి. ఇంటిలోని పెద్దలును వేయించుకొన్నచో బిడ్డకు జ్వర మంటు దారి కొంత మూయబడును.

ఇక బరువు మాట. బిడ్డ లావుగా నున్నదో లేదో కంటిచూపుతో నిర్ణయింపక, ఎత్తును బరువును కొలిపించి వైద్యునడుగుడు. ఎదుగు బిడ్డను పస్తుంచరాదు. నలుగురిలో లావని పరిహసింపరాదు. తీపి పానీయములను, నూనెలో వేచిన చిరుతిండ్లను బిడ్డకొక్కతెకే గాక ఇంటిల్లపాదికిని తగ్గింపుడు. పప్పు, ఆకుకూరలు, పండ్లు, సాయంకాలపు టాట, వేళకు నిద్ర: వీనిని అందఱకును అలవాటు చేయుడు. టీకాకు ఒక్క నిముసము చాలును. ఈ యలవాట్లకు మాత్రము తల్లికి ఏండ్ల యోపిక కావలయును.