లైట్లు తిరుగుతున్న బండి పక్కనుంచి మన లోడు ఎట్లా పోతోంది?

ఈ రోజు రేట్ల గురించీ కాదు, తెగుళ్ళ గురించీ కాదు. పోస్టు పొడుగే. చివరిదాకా చదివాక నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి, పడతా.

పోయిన మిర్చి సీజన్లో ఒక రాత్రి కల్లంలో టిక్కీలు లారీకి ఎక్కిస్తున్నాం. పది దాటింది. ఫోనొచ్చింది, మా బాబాయి కొడుకుని హైవే మీద ఏదో కారు గుద్ది ఆగకుండా పోయిందని. పట్టా కప్పి తాళ్ళు కట్టే పని మా తమ్ముడికి అప్పజెప్పి బైకు తీశా. పోతా పోతా డ్రైవరుకి ఒక మాట చెప్పా. "నా కోసం చూడమాకు. ఒంటిగంటకల్లా యార్డు గేటు దగ్గర లైన్లో ఉండాలి. పోయినసారి లాగా లేటయితే కిరాయి కోస్తా." ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తా.

నేను పోయిన కాసేపటికే 108 వచ్చింది. మావాడు రోడ్డు అంచున పడున్నాడు. కాలు విరిగింది, మెడకి దెబ్బ తగిలిందేమోనని అనుమానం. నేను తొందరపడి భుజాలు పట్టి లేపబోతే 108లో వచ్చిన కుర్రాడు గట్టిగా అరిచాడు. మెడకి పట్టీ వెయ్యకుండా కదిలిస్తే వెన్నుపూస దెబ్బతిని మనిషి జీవితాంతం మంచాన పడతాడంట. ఆ కుర్రాడు రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుని మెడకి పట్టీ వేసి, కాలికి బద్ద కట్టి, నిదానంగా బల్ల మీదకి చేర్చాడు. పది నిమిషాలు పట్టింది. అతని వీపు ఎటుందో తెలుసా? బళ్ళొచ్చే వైపు.

అంబులెన్సు మీద లైట్లు తిరుగుతానే ఉన్నాయి. దాన్ని తోలుకొచ్చిన పైలట్ వెనక్కి పోయి టార్చి ఊపుతున్నాడు. నేను తువ్వాలు ఊపుతున్నా. ఆ పది నిమిషాల్లో ఎన్ని లారీలు పోయాయో లెక్కపెట్టలేదు గానీ, స్లో చేసింది ఎన్నంటే వేళ్ళ మీద చెప్పగలను. మిగతావన్నీ హారన్ కొట్టుకుంటా అదే స్పీడుతో పోయాయి. ఒక లారీ పోతే దాని గాలికి నా చేతిలో తువ్వాలు ఎగిరిపోయింది. ఇంకో లారీ వస్తుంటే పైలట్ నా చొక్కా పట్టి వెనక్కి లాగాడు. ఆ లారీకి వేలాడుతున్న తాడు కొస అంబులెన్సు తలుపుకి చెళ్ళున తగిలింది. ఆ తలుపు పక్కనే కుర్రాడు ఉన్నాడు.

లారీ ముందుకి పోయాక వెనక నుంచి చూశా. నీలం పట్టా, మూలన నేనే వేయించిన తెల్ల అతుకు. నా టిక్కీలే.

మర్నాడు యార్డులో ఆ డ్రైవర్ని పట్టుకుని అరిచా. "లైట్లు కనపడలేదా నీకు?" అతనేం చెప్పాడో ఉన్నదున్నట్టు రాస్తున్నా. "కనపడ్డాయన్నా. పోలీసులు ఆపుతారేమో, ఆపితే గంట పోద్దేమో అని ఇంకొంచెం తొక్కా. ఒంటిగంట దాటితే మీరు కిరాయి కోస్తానన్నారుగా."

నా నోట మాట రాలేదు. అంతకుముందు సీజన్లో లేటయిందని అతని కిరాయిలో ఐదొందలు కోసింది నేనే. మావాడు బతికాడు. కాల్లో రాడ్డు వేశారు, కుంటుకుంటా నడుస్తున్నాడు. వాడు బతికింది ఆ కుర్రాడి పనితనం వల్ల, మా అదృష్టం వల్ల. నా తెలివి వల్ల మాత్రం కాదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. హైవే మీద ప్రమాదం జరిగితే మనమంతా అనే మాట ఒకటే: "ఈ లారీ వోళ్ళకి ఒళ్ళు తెలవదు." సరే. మరి ఆ లారీలో లోడు ఎవరిది? మనది. టయిము పెట్టింది ఎవరు? మనం. కిరాయి బేరమాడి నాలుగొందలు తగ్గించి, అతను ఆ నాలుగొందలు ఇంకో ట్రిప్పులో సంపాదించుకోవాల్సిన పరిస్థితి తెచ్చింది ఎవరు? మనమే. దారిలో మూడుసార్లు ఫోన్ చేసి "ఎక్కడున్నావ్, ఎక్కడున్నావ్" అని ప్రాణం తీసేది కూడా మనమే. ఆ ఫోను అతను ఒక చేత్తో స్టీరింగు పట్టుకునే ఎత్తుతున్నాడు.

డ్రైవరు తప్పు లేదని నేననటం లేదు. ఉంది. బండి అతని చేతిలో ఉంది, బ్రేకు అతని కాలి కింద ఉంది. కానీ అతని కాలి మీద మన కాలు కూడా ఉంది. దాన్ని తియ్యకుండా అతన్నొక్కణ్ణే తిట్టటం న్యాయం కాదు.

ఈ మాట రచ్చబండ దగ్గర అంటే నాకొచ్చిన సమాధానాలు మూడు. మూడింటికీ జవాబు చెప్తా.

మొదటిది: "లోడు బండి ఠక్కున ఆగదు, బ్రేకు కొడితే బోల్తా పడుద్ది." నిజమే. అందుకే ఠక్కున ఆపమని ఎవరూ అడగట్లా. దూరం నుంచే కాలు తియ్యమని అడుగుతున్నాం. లెక్క చూడండి. నాలుగు లైన్ల హైవే మీద లారీకి గరిష్ఠ వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఆ వేగంలో బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది. చదరంగా ఉన్న ఎకరం చెక్క గట్టు పొడవు సుమారు 64 మీటర్లు. అంటే మనం నడుం వంచి కలుపు తీసే సాలు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి మూడు సెకన్లలో దాటుతుంది. కంటికి కనపడి, బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదకి పోయేసరికే ఒకటిన్నర రెండు సెకన్లు అయిపోద్ది. బ్రేకు పట్టటం మొదలయ్యేది ఆ తర్వాతే. వేగం రెట్టింపయితే బ్రేకు పట్టాక ఆగటానికి కావాల్సిన దూరం నాలుగు రెట్లు అవుతుంది. కాబట్టి దగ్గరికొచ్చాక చెయ్యగలిగింది ఏమీ లేదు. తిరిగే లైటు చాలా దూరం నుంచే కనపడుద్ది. చెయ్యాల్సింది అప్పుడే చెయ్యాలి.

రెండోది: "అందరికీ టయిముకి చేరాలి కదా." దీనికీ లెక్కే చెప్తా. అరకిలోమీటరు దూరం 80లో కాకుండా 30లో పోయారనుకోండి. 23 సెకన్లు పట్టేది 60 సెకన్లు పడుద్ది. తేడా 37 సెకన్లు. మళ్ళీ వేగం అందుకునే టయిము కలుపుకున్నా నిమిషం అటూ ఇటూ. యార్డు గేటు దగ్గర గంటలు గంటలు లైన్లో నిలబడే మనం, కాటా దగ్గర హమాలీల కోసం పూటంతా ఎదురుచూసే మనం, ఒక మనిషి ప్రాణానికి నిమిషం ఇవ్వలేమా?

మూడోది: "నడిరోడ్డు మీద వాళ్ళని ఎవరు ఆపమన్నారు?" దెబ్బ తగిలినోడు ఎక్కడ పడితే అక్కడే ఆపాలి అన్నా. ఇంకెక్కడ ఆపుతారు? ఇక్కడ మన తప్పు ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. హైవే పక్కన, సర్వీసు రోడ్ల మీద ధాన్యం, మొక్కజొన్న ఆరబోసేది ఎవరు? పట్టా ఎగరకుండా అంచున బండరాళ్ళు పెట్టి, ధాన్యం ఎత్తాక ఆ రాళ్ళు అక్కడే వదిలేసేది ఎవరు? పక్కన జాగా మనం ఆక్రమిస్తే అంబులెన్సు రోడ్డు మీదే ఆగాల్సి వస్తది. కల్లాల్లేక, జాగాలేక ఆరబోస్తున్నాం, నాకూ తెలుసు, నేనూ పోశాను. కల్లాల కోసం ప్రభుత్వాన్ని నిలదీద్దాం. కానీ హైవే అంచు కల్లం కాదు. వెనక ఒక్క రేడియం స్టిక్కరు కూడా లేకుండా చీకట్లో ట్రాక్టరు ట్రక్కులు తోలేదీ మనమే.

చట్టం సంగతికొస్తే, 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194ఇ సెక్షన్ పెట్టారు. అంబులెన్సుకి, ఫైరింజనుకి దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వెనక నుంచి సైరన్ వేసుకుంటా వస్తే దారివ్వాలని ఇప్పుడు చాలామందికి తెలుసు, ఇస్తున్నారు కూడా. కానీ ఆగి ఉన్న అంబులెన్సుకి సైరన్ ఉండదు, లైటే ఉంటది. దాని పక్కన ఎంత వేగంతో పోవాలో ఆ సెక్షన్లో లేదు. పోతున్న బండికి మర్యాద, ఆగిన బండికి లేదు. కానీ కింద దిగి పనిచేసే మనుషులు ఉండేది ఆగిన బండి దగ్గరే కదా!

అమెరికాలో దీనికి విడిగా చట్టం ఉంది. సౌత్ కరోలినా రాష్ట్రంలో 1994లో ప్రమాదం జరిగిన చోట పనిచేస్తున్న ఒక అంబులెన్సు ఉద్యోగిని బండి గుద్దింది. అధికారులు తప్పు అతనిదే అని రాశారు. ఆయన ఊరుకోలా. వెంటపడి 1996లో చట్టం తెప్పించాడు. ఇప్పుడు అక్కడ 50 రాష్ట్రాల్లోనూ ఉంది. లైట్లు తిరుగుతున్న బండి ఆగి ఉంటే పక్క లైనులోకి మారాలి, మారే వీల్లేకపోతే వేగం తగ్గించాలి. మన ఊళ్ళ నుంచి పోయిన పిల్లలు అక్కడ బుద్ధిగా అట్లాగే తోలుతున్నారు. అడిగి చూడండి. ఆ పిల్లలే సంక్రాంతికి వచ్చి మన హైవే ఎక్కితే హారన్ మీద చెయ్యి తియ్యరు. మరి మారింది మనిషా, పద్ధతా?

మన దగ్గరా అట్లాంటి రూలు రాయమని, లైసెన్సు ఇచ్చేటప్పుడే నేర్పమని అడగాలి. అడుగుదాం. రూలు వచ్చేదాకా మాత్రం రోడ్డు ఆగదు. కాబట్టి మీ లోడు తోలే డ్రైవరుకి, లారీ ఉన్న మీ బావకి, బొలెరో తోలే మీ అబ్బాయికి ఈ మాటలు చెప్పండి.

తిరిగే లైటు కనపడగానే కాలు తియ్యాలి. అది 108 అయినా, పోలీసు బండి అయినా, ఫైరింజన్ అయినా, హైవే వాళ్ళ క్రేను అయినా ఒకటే.

వెనక బండి మీదకొచ్చుద్దని భయమా? ముందుగా, మెల్లగా తగ్గించండి. నాలుగు ఇండికేటర్లూ వేసి వెనకోడికి చెప్పండి.

అద్దం చూసి, సిగ్నల్ ఇచ్చి, ఒక లైను కుడికి జరగండి. జరిగే వీల్లేకపోతే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగగలిగేంత నిదానంగా పోండి. బండి చాటు నుంచి మనిషి అడుగు బయటపెడతాడు అనుకునే తోలండి.

ఎడమ పక్క నుంచి ఓవర్‌టేక్ మాత్రం వద్దు. లారీలు కుడి లైను పట్టుకుని పోతుంటే కార్లు ఎడమ నుంచి దూరతాయి. ఆ ఎడమ పక్కనే అంబులెన్సు ఆగి ఉంటది. కాబట్టి ఖాళీ రోడ్డు మీద లారీ తన ఎడమ లైనులోనే ఉండాలి, లైటు కనపడినప్పుడే కుడికి రావాలి.

హై బీమ్ తగ్గించండి. మోకాళ్ళ మీద కూర్చున్నోడి కళ్ళల్లో కొట్టొద్దు. హారన్ కొట్టొద్దు. చూడటానికి ఆగొద్దు, ఫోన్లో వీడియో అసలే తియ్యొద్దు. సాయం చెయ్యాలనుకుంటే అంబులెన్సు దాటి ముందుకి పోయి, రోడ్డు దిగి ఆపండి. సాయం చేసినోళ్ళ మీద కేసులుండవని అదే 2019 సవరణలో 134ఎ సెక్షన్ ఉంది, భయపడమాకండి. హైవే మీద ఏ కష్టం వచ్చినా 1033కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇక మన వంతు. నేను మూడు పనులు మొదలుపెట్టా. లోడు చీకటి పడకముందే కట్టిస్తున్నా. బండి కదిలాక డ్రైవరుకి ఫోన్ చెయ్యట్లా, అతనే టీ తాగటానికి ఆగినప్పుడు చేస్తాడు. కిరాయి మాట్లాడేటప్పుడే చెప్తున్నా: "లేటయితే ఒక్క రూపాయి కొయ్యను. కానీ ఆగిన అంబులెన్సు పక్కన స్పీడుగా పోయావని తెలిస్తే నా కల్లంలోకి మళ్ళీ రామాకు." ఆ పాత డ్రైవరే ఇప్పటికీ నా లోడు తోలుతున్నాడు. కోసిన ఐదొందలు తిరిగిచ్చేశా. తీసుకోనన్నాడు, జేబులో పెట్టా.

ఆ రాత్రి మెడకి పట్టీ వేసిన కుర్రాడి పేరు కూడా అడగలేదు నేను. ఎవరో మనలాంటి రైతు కొడుకే అయ్యుంటాడు. ఈ రాత్రి కూడా ఏదో హైవే మీద వీపు తిప్పి కూర్చుని ఉంటాడు. అటుగా పోయే లారీలో మీ లోడు ఉండొచ్చు. ఈ సాయంత్రం డ్రైవరుకి టయిము చెప్పేముందు ఒక్కసారి ఆ వీపుని తలుచుకోండి.

మీ ఊరి గ్రూపుల్లో పెట్టండి. నా పేరు లేకపోయినా పర్లేదు.