జాలి ఒక్కటే చాలదు

నోరులేని జీవాన్ని చూసి జాలిపడడానికి ఒక్క క్షణం చాలు. దానిని సాకడానికి ఏళ్లు పడతాయి. ఈ రెండింటి మధ్య దూరం ఎంతటిదో తెలియాలంటే, పల్లె పొలిమేరలో నడిచే మూగజీవుల ఆశ్రమంలో ఒక రోజు గడపాలి. బయటినుంచి చూసేవారికి అది పుణ్యక్షేత్రంలా కనిపించవచ్చు. లోపల పనిచేసేవారికి మాత్రం అది పేడ, గడ్డి, పుండ్లు, అప్పుల నడుమ సాగే కర్మక్షేత్రం.

మూగజీవుల సంరక్షణ మనకు కొత్త విషయం కాదు. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి వద్ద బండలపై నేటికీ నిలిచి ఉన్న అశోకుని శాసనాలలో, మనుషులకే కాక పశువులకు కూడా చికిత్స ఏర్పాటు చేసిన ప్రస్తావన ఉన్నది. ఆధునిక కాలంలో ప్రసిద్ధ నర్తకి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా చేసిన కృషి 1960 నాటి జంతుహింస నివారణ చట్టానికి దారితీసింది. సరైన కారణం లేకుండా పశువును ఆకలిదప్పులతో అలమటించే స్థితిలో విడిచిపెట్టడం ఆ చట్టం ప్రకారం నేరం. ప్రాణులపట్ల దయ కలిగి ఉండడం పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెబుతున్నది. శాసనాలకూ చట్టాలకూ లోటు లేదు. లోటంతా ఆచరణలోనే ఉన్నది.

అసలు ఈ జీవాలు ఆశ్రమానికి ఎందుకు చేరుతున్నాయి? ఒకప్పుడు కోడెదూడ పుడితే రైతు ఇంట సంబరం. అది రేపటి కాడెద్దు. ట్రాక్టరు వచ్చిన తరువాత ఆ దూడే ఇంటికి భారమైంది. వరికోత యంత్రాలు వచ్చాక చాలాచోట్ల గడ్డి పొలంలోనే చెల్లాచెదురై తగలబడిపోతున్నది. ఇంటిముందు గడ్డివామి అరుదైంది. ఊరుమ్మడి బీళ్లు తరిగిపోయాయి. పాలమ్మిన డబ్బు దాణాకే చాలని సన్నకారు రైతు, వట్టిపోయిన ఆవును ఎంతకాలం మేపగలడు? అతనిని క్రూరుడని నిందించడం తేలిక. కాని ఆ నింద వలన ఆవుకు ఒక్క గడ్డిపోచ కూడా దొరకదు.

ఆశ్రమంలో రోజు తెలతెలవారకముందే మొదలవుతుంది. మొదటి పని లెక్క చూడడం. ఎన్ని లేచి నిలబడ్డాయి, ఎన్ని లేవలేకపోయాయి అని చూడాలి. లేవలేని పశువును ఒకేవైపు పడుకోనిస్తే దాని బరువే దానికి శత్రువవుతుంది. కండలు చచ్చుబడతాయి, ఒరుసుకున్నచోట పుండ్లు పడతాయి. కనుక క్రింద మెత్తగా గడ్డి పరచి, కొన్ని గంటలకొకసారి నలుగురు కలిసి దానిని రెండోవైపుకు త్రిప్పాలి. పురుగుపట్టిన పుండును శుభ్రం చేసి, పురుగులను ఏరి, మందు పెట్టి, ఈగలు వాలకుండా చుట్టూ వేపనూనె పూయాలి. కొత్తగా వచ్చిన జీవాన్ని కొన్నాళ్లు విడిగా ఉంచాలి. లేకుంటే గాలికుంటు వంటి అంటువ్యాధి కొట్టమంతటికీ ప్రాకుతుంది. గాయపడిన కుక్కలను పట్టేవారు ముందుగానే రేబిస్ టీకా వేయించుకొని ఉండాలి. ఇక పేడ ఎత్తడం, తొట్లు కడగడం, నీళ్లు నింపడం సరేసరి. ఈ పనులకు ఆదివారం లేదు, పండుగ లేదు. ఇంతచేసినా కొన్ని ప్రాణాలు దక్కవు. వాటిని పూడ్చివచ్చి, మిగిలిన వాటికి మేత వేయవలసిందే.

ఖర్చు సంగతి చూద్దాం. మూడు వందల కిలోల బరువున్న పశువుకు రోజుకు సుమారు 6 నుంచి 7 కిలోల ఎండుమేత కావాలి. 50 పశువులుంటే నెలకు దాదాపు 10 టన్నులు. ఎండుగడ్డి కడుపు నింపుతుందే కాని తగిన బలాన్నివ్వదు. పచ్చిమేత, తవుడు, తెలకపిండి కూడా ఉండాలి. విరాళాలు పండుగలకు వస్తాయి. ఆకలి మాత్రం ప్రతిపూటా వస్తుంది.

తెలియక చేసే దయ కీడు కూడా చేస్తుంది. పెళ్లిలో మిగిలిన అన్నాన్ని బండినిండా తెచ్చి పశువుల ముందు కుమ్మరించేవారున్నారు. నెమరువేసే పశువు ఒక్కసారిగా అన్నం ఎక్కువ తింటే పొట్టలో ఆమ్లం పెరిగి ప్రాణమే పోవచ్చు. ఎంగిలి మెతుకులను ప్లాస్టిక్ సంచిలో కట్టి పారవేస్తే, ఆవు సంచితోసహా మింగుతుంది. అది అరగదు. చివరకు పొట్ట కోసి తీయవలసి వస్తుంది.

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. గేటు దగ్గరకు వచ్చిన ప్రతి జీవాన్నీ ఆశ్రమం చేర్చుకోవాలా? కాదనడం నిర్దయ అని చాలామంది భావిస్తారు. కాని 50 పశువుల కొట్టంలో 100 పశువులను కట్టివేస్తే, బలహీనమైనది మేత తొట్టిదాకా రాలేదు. రోగం త్వరగా వ్యాపిస్తుంది. అప్పుడు ఆశ్రమమే హింసాస్థానమవుతుంది. ప్రాణాపాయంలో ఉన్నదానికి తలుపు తెరవాలి. ఆరోగ్యంగా ఉండి, పోషణ భారమైనందువల్ల తెచ్చిన పశువు విషయంలో యజమానికి మేత సాయం చేసి, అతని ఇంటనే దానిని నిలపాలి. లోపల ఎన్ని జీవాలున్నాయన్నది ఆశ్రమానికి ఘనత కాదు. ఎన్నింటికి అక్కడికి రావలసిన అవసరం తప్పిందన్నదే దాని ఘనత.

అందువలన ఈ బాధ్యత ఆశ్రమం నడిపే నలుగురిదే కాదు, ఊరందరిదీ. కోతల తరువాత గడ్డిని తగలబెట్టక మోపులు కట్టి అందించవచ్చు. పశువులకు సకాలంలో టీకాలు వేయించవచ్చు. ఊరకుక్కల సంతతిని అదుపుచేసే శస్త్రచికిత్సలకు పంచాయతీ పూనుకోవచ్చు. సెలవుదినాలలో విద్యార్థులు ఒక పూట కొట్టం శుభ్రం చేయవచ్చు. గాయపడిన పశువును ఫోటో తీసి నలుగురికీ చూపడంతో మన విధి తీరదు. దానికి నీళ్లు పెట్టి, పశువైద్యుడు వచ్చేవరకు దగ్గర నిలిచినవారే నిజమైన దయామయులు. వారు మరునాడు కూడా వచ్చి, దాని ముందు మేత ఉన్నదో లేదో చూస్తారు.